కదిలేదేది, నిలిచేదేది

హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు మీద తుర్కయాంజాల్ దాటి ముందుకెళ్తే ఔటర్ రింగు రోడ్డు, ఆ పక్కనే ఆదిబట్ల. చెరువుల కింద సేద్యం, మెట్టపంటలు తప్ప మరొకటి ఎరగని ఈ ఇబ్రహీంపట్నం ప్రాంతంలో ఇప్పుడు అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలేజ్‌లు, సీ-130జే రవాణా విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి. టాటా, బోయింగ్ కలిసి 2018 మార్చిలో ప్రారంభించిన అపాచీ కర్మాగారం విస్తీర్ణం 14,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు మూడున్నర ఎకరాలు. అంత నేలలో ఏ జిగ్ (భాగాన్ని బిగించి పట్టే చట్రం) ఎక్కడ నిలపాలి, విడిభాగాలు ఏ దారిన రావాలి, మనుషులు ఎటు నడవాలి అన్న ప్రశ్నలకు శతాబ్దాల వెనుకటి చరిత్ర ఉంది. దాన్ని యంత్రాల చరిత్రగా చెప్పడం అలవాటు. నాకు మాత్రం అది, పనిలో ఏది నిలవాలో ఏది కదలాలో మనుషులు తేల్చుకుంటూ వచ్చిన చరిత్రగా కనిపిస్తుంది.

దాని తొలి రూపం చూడాలంటే ఇంగ్లండు దాకా వెళ్లనక్కర్లేదు. తుర్కయాంజాల్‌కు ఈశాన్యంగా కొద్ది దూరంలోనే పోచంపల్లి ఉంది. చేనేత ఇంట్లో గుంట మగ్గం కదలదు. నూలే ఒక పని నుంచి మరో పనికి నడిచి మగ్గం దగ్గరికి చేరుతుంది. నూలును మేకుల చుట్టూ తిప్పి ఆసు పోయాలి, డిజైను ప్రకారం ముడులు కట్టాలి, రంగులో ముంచాలి, ఆరబెట్టాలి, పడుగు అతకాలి. పడుగు పొడవుకు ఇల్లు చాలదు కాబట్టి పొద్దున్నే దాన్ని వీధిలోకి తెచ్చి చాస్తారు. నేతకారుల ఊళ్లలో వీధి కూడా పనిశాలలో భాగమే. దానికెవరూ నక్షా గీయలేదు, పని వరుసే గీసింది.

అదే ఇంట్లో మరో పాఠమూ ఉంది. ఆసు పోసేటప్పుడు ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పనిలోని ప్రతి అడుగునూ గుర్తులతో కాగితం మీద పెట్టే పద్ధతిని అమెరికాలో ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు 1921లోనే ఇంజనీర్ల ముందుంచారు. చేతి కదలికను లెక్కపెట్టడమనే ఆ శాస్త్రపు సారం మల్లేశం ఇంట్లోనే పట్టుకున్నారు. కర్మాగారాల లేఅవుట్ పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు ఉండి తీరాలని నా అభిప్రాయం.

ఆవిరి వచ్చాక, నిలిచే వస్తువు మారింది. మిల్లుకంతా ఒకే ఇంజను. దాని నుంచి పైకప్పు కింద సాగే పొడవాటి ఇనుప షాఫ్టు, షాఫ్టు నుంచి ఒక్కో యంత్రానికి తోలు బెల్టు. యంత్రం ఎక్కడ ఉండాలో షాఫ్టే చెప్పేది, సరుకు ఎంత తిరిగినా సరే. షాఫ్టు సాగేకొద్దీ రాపిడిలో శక్తి పోతుంది కాబట్టి మిల్లులు అంతస్తుల మీద అంతస్తులుగా లేచాయి. యంత్రానికో కరెంటు మోటారు వచ్చాకే ఈ బంధం తెగింది. యంత్రాలను పని వరుసలో నేల మీద పరుచుకునే వీలు అప్పుడు కలిగింది. హెన్రీ ఫోర్డ్ 1913లో హైలాండ్ పార్కులో కారునే కదిలించి మనిషిని నిలబెట్టాడు. చాసిస్ బిగింపు పన్నెండున్నర గంటల నుంచి ఏడాది తిరక్కుండానే 93 నిమిషాలకు దిగింది.

అయితే రోజూ ఒకే వస్తువు చేసేవారికే ఆ దారి సరిపోతుంది. మన హైదరాబాద్ బాలానగర్, చర్లపల్లి పారిశ్రామికవాడల షెడ్లలో పొద్దున ఒక జాబ్, మధ్యాహ్నం మరొకటి. లేత్‌లన్నీ ఒక మూల, మిల్లింగ్ యంత్రాలన్నీ ఇంకో మూల ఉంటే జాబ్ షెడ్డంతా తిరుగుతుంది, మధ్యలో గుట్టలుగా ఆగుతుంది. టయోటాలో తైచీ ఓనో 1947 ప్రాంతంలో ఒకే కార్మికుడు ఒకటికి మించి యంత్రాలు చూసుకునేలా వాటిని ఎల్ ఆకారంలో, సమాంతర వరుసల్లో పెట్టించాడు. చిన్న షెడ్డుకు ఫోర్డ్ కన్నా ఓనో దగ్గరివాడు.

దీన్నంతా పద్ధతిగా మార్చింది అమెరికన్ ఇంజనీరు రిచర్డ్ మూథర్. 1961లో వచ్చిన ఆయన పుస్తకం ప్రకారం ముందు ఏ విభాగం నుంచి ఏ విభాగానికి ఎంత సరుకు వెళ్తుందో పట్టిక వేయాలి. తర్వాత ఏ రెండు విభాగాలు ఆనుకుని ఉండాలో, ఏవి దూరంగా ఉండాలో అక్షరాలతో గుర్తించాలి. తప్పనిసరైతే ‘ఏ’, కూడదనుకుంటే ‘ఎక్స్’. వెల్డింగు పక్కన పెయింటింగు ఉంటే అగ్నిప్రమాదం, అక్కడ ‘ఎక్స్’ పడుతుంది. స్థలం లెక్క ఆ తర్వాతే. లెక్కతోనే తేల్చేద్దామంటే కుదరదు. పది విభాగాలను పది చోట్ల పెట్టడానికి 36,28,800 విధాలున్నాయి, పదిహేనైతే లక్షా ముప్పై వేల కోట్లు దాటుతాయి. అందుకే 1964లో వచ్చిన ‘క్రాఫ్ట్’ కంప్యూటర్ పద్ధతి ఉన్న అమరికనే తీసుకుని, విభాగాల చోట్లు మార్చి చూస్తూ, ఖర్చు ఇక తగ్గని చోట ఆగుతుంది.

వస్తువే పెద్దదైతే ఈ లెక్కలన్నీ తిరగబడతాయి. చెకోస్లోవేకియా సహకారంతో 1960ల్లో మొదలైన రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో టర్బైన్‌ను బెల్టు మీద నడిపించలేరు. అంత బరువున్న చోట క్రేన్ అందేంత మేరే దారి. విమానమూ అంతే. రెండో ప్రపంచయుద్ధంలో ఫోర్డ్ విల్లో రన్‌లో బీ-24 బాంబర్లను కార్లలా వరుసలో నడిపించి, 1944 నాటికి గంటకు ఒకటి చొప్పున బయటికి తెచ్చాడు. కానీ తొలినాళ్లలో ఆ వరుసను గాడిన పెట్టడానికి పడిన తంటాలు తక్కువ కావు. విమానాల పనిలో ఇప్పటికీ మధ్యేమార్గమే ఎక్కువ. ఫ్యూజలేజ్‌ను జిగ్‌లో బిగిస్తారు. మనుషులు, పనిముట్లు, లెక్కపెట్టి సర్దిన రివెట్ల ట్రేలు దాని దగ్గరికే వస్తాయి. పని ముగిశాక అది తర్వాతి స్థానానికి వెళ్తుంది.

ఇప్పుడు సరుకు దారి ప్రహరీ కూడా దాటింది. 56 సీ-295 రవాణా విమానాలకు 2021లో ఒప్పందం కుదిరింది. వాటిలో 40 భారత్‌లోనే తయారు కావాలి. వాటి భాగాలు హైదరాబాద్‌లో తయారవుతాయి, 2024 అక్టోబరులో ప్రారంభమైన వడోదర కర్మాగారంలో విమానంగా కూడుకుంటాయి. ఇక్కడి షాప్ ఫ్లోర్ మీద ఒక రోజు ఆలస్యమైతే గుజరాత్‌లో ఒక స్థానం ఖాళీగా ఎదురుచూడాలి. దూరం నుంచి వచ్చే ట్రైలర్లకు ఔటర్ ఉంది. నగరం వైపు నుంచి షిఫ్టుకు వచ్చేవారికి మాత్రం తుర్కయాంజాల్, రాగన్నగూడల మీదుగా సాగర్ రోడ్డే దారి. బడి పిల్లల ఆటోలకూ అదే. ఆదిబట్లలో ఇంకో షెడ్డుకు నక్షా గీసేవారు మూథర్ పట్టికలో ఆ రోడ్డుకూ ఒక వరుస కేటాయించాలి. షిఫ్టు మారే వేళలను బడి వేళలతో కలిపి చూసి మరీ గేటు ఎటువైపు పెట్టాలో నిర్ణయించాలి.