పురుటికి వచ్చు పక్షులు

తెలుగు పలుకుబడి కొంగకు న్యాయము చేయలేదు. నీటి యొడ్డున ఒంటికాలిపై నిశ్చలముగా నిలిచి తన పొట్టకూటిని తాను వెదకుకొను ఆ పక్షిని మనవారు కపటసన్న్యాసికి ఉపమానముగా తెచ్చి, కొంగజపమను మాటను భాషలో స్థిరపరచిరి. అట్లు నోట నిందించిన జాతియే చేతలకు వచ్చునప్పటికి వేఱు తీరున నడచినది. పెరటిలోని చింతచెట్టును ఏటేట కొన్ని నెలలు ఆ పక్షులకు విడిచిపెట్టి, కాయ చేతికి రాకున్నను కొమ్మ దులుపక, రెట్టతో వాకిలి తెల్లబారినను విసుగు చెందక, వానిని పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులుగా నెంచి కాపాడుకొన్న గ్రామములు తెలుగుసీమలో కొన్ని కలవు. శ్రీకాకుళము జిల్లాలో తేలినీలాపురము, తేలుకుంచి, గుంటూరు చెంత ఉప్పలపాడు, నెల్లూరు సీమలో నేలపట్టు, హిందూపురము వైపున వీరాపురము అట్టివి. నేడు ప్రకృతి పరిరక్షణోత్సవములు, పక్షుల పండుగలు, చిత్తడినేలల దినోత్సవములు పందిళ్లు వేసి జరుపుకొనుచున్నాము. పందిరి లేకుండ, పిలుపు లేకుండ, ఎవరి యుపన్యాసమును లేకుండ ఈ యూళ్లలో నడచిన కట్టుబాటు వాని కన్నిటికిని పూర్వపుది. దాని చరిత్ర వెదకబోయినచో మాత్రము చేతికి దొరకు కాగితము స్వల్పము.

దక్షిణదేశమున ఇట్టి కట్టుబాటునకు పేరొందిన పాత లిఖితసాక్ష్యము మన పొరుగున, చెంగల్పట్టు ప్రాంతమందలి వేడంతాంగల్ గ్రామమునకు సంబంధించినది. ఆ పేరునకు వేటగాని పల్లె యని యర్థము చెప్పుదురు. చరిత్ర మాత్రము పేరునకు ఎదురు నడచినది. పదునెనిమిదవ శతాబ్ది చివర తెల్లదొరల సైనికులు కొందఱు తుపాకులతో వచ్చి చెరువులోని పక్షులను కాల్చగా, గ్రామస్థులు కలెక్టరు లయొనెల్ ప్లేసు కడకేగి మొరపెట్టుకొనిరి. ఆయన 1798లో ఆ పక్షులను కాపాడు హక్కును గ్రామస్థులకు గుర్తించుచు పత్రము వ్రాసి యిచ్చెను. ఆ రైతులు కేవలము భూతదయచేతనే కలెక్టరు గడప తొక్కిరని తలచుట వారి తెలివిని తక్కువ చేయుటయే యగును. వేలకొలది పక్షులు రాత్రింబవళ్లు రెట్ట వేయగా బలమెక్కిన చెరువునీరు తూము గుండ మడిలోనికి దిగినప్పుడు పైరు ఏపుగా వచ్చునని వారు తరతరములుగా ఎఱిగినవారు. పక్షిని చంపుట పాపమని నమ్మిన మనస్సును, పక్షి పోయినచో పంట సన్నగిల్లునని లెక్కించిన బుద్ధియును ఆ మొరలో కలిసియే యున్నవి. వానిని విడదీసి, ఇది భక్తి, ఇది లాభము అని తూచుట పట్నవాసులకు పుట్టిన వేడుక.

మన వైపునకు వచ్చినచో మొదట కలిసికొనవలసినవాడు వైద్యుడు థామస్ జెర్డన్. కంపెనీ కొలువున 1840 దశకమున నెల్లూరిలో వైద్యాధికారిగా ఉండి, రోగులను చూడగా మిగిలిన కాలమును పక్షులకును చీమలకును వెచ్చించి, అడవిజీవుల సంగతులు యానాదుల నడిగి తెలిసికొన్న మనుష్యుడాయన. కడప అడవులలోని కలివికోడి నేటికిని ఇంగ్లీషులో ఆయన పేరుతోడనే పిలువబడుచున్నది. 1862 మొదలు 1864 వఱకు వెలువడిన తన భారతీయ పక్షుల గ్రంథమున ఆయన గూడబాతును గూర్చి వ్రాయుచు, కర్ణాటకమున ఒక యూరి నడుమ, అంతగా ఎత్తులేని చెట్లమీద ఆ పక్షులు గూళ్లు కట్టుకొనుట తాను చూచితిననియు, యుగములనుండి అట్లే జరుగుచున్నదని గ్రామస్థులు చెప్పిరనియు, ఎల్లవేళల క్రింద తిరుగాడు మనుష్యులను అవి లెక్కచేయలేదనియు తెలిపెను. నాటి దొరల వాడుకలో కర్ణాటకమనగా నెల్లూరు మొదలు దక్షిణముగా సాగిన తూర్పుతీరపు మైదానము. ఊరి పేరొక్కటి చెప్పియుండినచో మనకెంత మేలు కలిగెడిది! ఒక్కొక్క యీకను కొలిచి వ్రాసిన పండితునకు, ఆ పక్షులను కాచిన యూరి పేరు వ్రాయదగిన విషయముగా తోచలేదు కాబోలు.

గూడబాతు అను పేరును గూర్చి ఒక మాట. చెరువు కాలువనుండి ఎత్తుమడికి నీరు పెట్టుటకు ఇరువురు మనుష్యులు చెఱియొక ప్రక్కను నిలిచి త్రాళ్లతో ఊపుచు నీరు చల్లెడి బుట్టను గూడ యందురు. ఈ పక్షి ముక్కు క్రింది తోలుసంచి నీటితో నిండి, వేలాడి, చేప మిగిలి నీరు కారిపోవు దృశ్యమును చూచిన రైతునకు తన గూడయే జ్ఞప్తికి వచ్చియుండునని నా యూహ. నిఘంటుకారులు ఒప్పుకొనకపోయినను ఈ యూహను విడువ నాకు మనసొప్పదు.

పందొమ్మిదవ శతాబ్ది కడపటినుండి సర్కారువారు చట్టముల మార్గమున పక్షులవైపు చూచిరి. 1887 నాటి చట్టము గూళ్లు పెట్టు కాలమున చంపిన పక్షులను పట్టణములలో అమ్మరాదనెను. సీమదొరసానుల టోపీల కొఱకు కొంగయీకలు ఓడలకెక్కుచుండగా 1902లో ఈకల ఎగుమతి నిషేధింపబడెను. 1912లో మఱియొక చట్టము వచ్చెను. ఇవన్నియు పక్షిని చంపువానిని చూచినవి గాని, పక్షి వ్రాలిన చెట్టును, చెట్టు నిలిచిన చెరువును చూడలేదు. ఊళ్లు చూచినది దానినే.

చట్టములు పట్టించుకొనని ఆ చెట్టు సంగతి ఎంత ముఖ్యమో పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామము కథ తెలుపును. 1946లో కె. కె. నీలకంఠన్ — ఇందుచూడన్ అను కలముపేరుతో మలయాళమున పక్షులను గూర్చి మధురముగా వ్రాసినవాడు — కొల్లేటి సీమయందు సుమారు 3000 గూడబాతులు గూళ్లు పెట్టుచుండుటను కనుగొని లోకమునకు తెలిపెను. కనుగొనెనని మనమనుచున్నాము, ఆ యూరివారు ప్రతి సంవత్సరము తలయెత్తి చూచుచున్నదానినే ఆయన బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి పత్రికకు అందించెను. దేశమున గూడబాతుల గూళ్లు ఉన్న తావులు వ్రేళ్ల లెక్కకు వచ్చుచున్న ఆ కాలమున ఈ వార్త విజ్ఞులకు గొప్ప ఊరట కలిగించినది. అయినను ముప్పది యేండ్లు నిండక మున్నే, 1970 దశకము నడుమ, ఆ కొలువు చెదరిపోయెను. ఆ దశకముననే కొల్లేటి గర్భమున చేపలచెరువుల గట్లు లేవసాగెను. వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది 1972లో. పక్షులు ఎగిరిపోవునప్పటికి చట్టము పుస్తకములో భద్రముగానే ఉన్నది.

ఈ విషయమున నేలపట్టు భాగ్యశాలి. సూళ్లూరుపేటకు సమీపమున, దొరవారిసత్రము మండలమున ఉన్న ఈ చిన్న గ్రామపు చెరువులో కడపచెట్లు గుంపులుగా పెరిగియున్నవి. మొదలు నీటిలో మునిగియున్నను కుళ్లని జాతి యగుటచే, ఈశాన్య ఋతుపవనపు వానలకు చెరువు నిండినంతనే ఒక్కొక్క చెట్టును ఒక్కొక్క ద్వీపమగును. క్రింద నీరుండుటచే నక్కయు పిల్లియు గూటిదాక పోజాలవు. పోతుపక్షి పుల్లలు తెచ్చి యిచ్చుచుండ పెట్ట గూడు సవరించుకొనును. పొరుగు కొమ్మపై నత్తగుల్ల కొంగయు, తెల్లకంకణమును, నీటికాకియు చేరి, సంతరోజున సత్రములో వలె ఒకరినొకరు త్రోసికొనుచు కాపురము పెట్టును. మేతకు మాత్రము ఈ చెరువు చాలదు. సుమారు ఇరువది కిలోమీటర్ల దూరమున పులికాటు సరస్సు కలదు. ఉప్పునీటి సరస్సులలో చిల్కా సరస్సునకు తరువాత మన దేశమున దానిదే పెద్దపేరు. ఉదయమున అక్కడికి పోయి చేపలు పట్టి, తిరిగివచ్చి, పిల్లలకు కొంత కక్కి, మిగిలినదానిని అరిగించుకొని రెట్టగా చెరువులో విడుచు ఈ పక్షులవలన, పులికాటి చేప నేలపట్టు వరిమడిలో ఎరువుగా తేలుచున్నది. ఈ రవాణాకు బండి లేదు, కూలి లేదు, రసీదు లేదు. వానలు తప్పి చెరువు నిండని యేట పక్షులును రావు, పంటయు లేదు. కావున పక్షి వచ్చుట శుభశకునమని గ్రామస్థులు నమ్మినచో, అది మూఢవిశ్వాసమని నవ్వదగినది కాదు.

1976లో ప్రభుత్వము నేలపట్టును పక్షుల అభయారణ్యముగా ప్రకటించెను. దాని విస్తీర్ణము సుమారు నాలుగున్నర చదరపు కిలోమీటర్లు. నాటినుండి చెరువుగట్టుపై కావలివాడు, చూపుమేడ, ప్రవేశరుసుము వచ్చినవి. నింద వేయుటకు నేను ఈ మాట చెప్పుట లేదు. ఆరేడునకు దక్కనిది నేలపట్టునకు దక్కినది, అది చిన్నవిషయము కాదు. అయినను తన చెరువునకు తానే అతిథియై టిక్కెట్టు కిటికీ ప్రక్కనుండి నడచిపోవు రైతును చూచినప్పుడు, కాగితము ఇచ్చునదేమి, తీసికొనునదేమి అను తలపు రాకమానదు.

ఉత్తరమున తేలుకుంచికి నత్తగుల్ల కొంగలు తొలకరివేళకు వచ్చును. ముక్కు రెండు దవడలకు నడుమ సందుండుట ఈ పక్షి గుర్తు; పొలములోని నత్తను పట్టి, గుల్లనుండి మాంసమును లాగుటయందు దీనిని మించినది లేదు. తేలినీలాపురమునకు వచ్చునవి గూడబాతులును ఎఱ్ఱకాళ్ల కొంగలును. ఇవి సైబీరియా నుండి వేల మైళ్లు ఎగిరి వచ్చునని ఊరివారును, పత్రికలవారును, ఒక్కొక్కప్పుడు ఉపన్యాసకులును చెప్పుచుందురు. నిజమునకు గూడబాతును ఎఱ్ఱకాళ్ల కొంగయు దక్షిణాసియా పక్షులే. మంచుదేశముల పొలిమేర అవి ఎఱుగవు. దూరపు బంధువనిన మర్యాద హెచ్చునని మనవారు వానికి ఆ చిరునామా కల్పించియుందురు. పుట్టింటికి వచ్చిన ఆడపడుచు అను మాటయే శాస్త్రమునకును దగ్గఱ. ఎచ్చట గూడు పెట్టి పిల్లలను లేపునో అదియే పక్షికి స్వదేశము. వీరాపురమున ఎఱ్ఱకాళ్ల కొంగలు ఇండ్ల నడుమ చింతచెట్లపైననే గూళ్లు పెట్టును. ఈ కొంగకు ఎదిగిన పిదప గొంతు లేదు. ముక్కులు టకటక కొట్టుటయే దాని భాష. పిల్లల యరపు మాత్రము పసిబిడ్డల యిండ్లను మించును.

ఉప్పలపాడు చెరువు వీనియన్నిటిలో చిన్నది, ఊరిని ఆనుకొని యున్నది. వచ్చు పక్షులకు అందలి చెట్లు చాలకపోవుటచే ఇనుపచట్రములను నీటిలో నిలిపి కృత్రిమశాఖలు కల్పించిరి. మొదట నాకిది హాస్యాస్పదముగా తోచెను. పక్షులకు తోచలేదు, అవి ఆ యినుముమీదనే గూళ్లు కట్టినవి. ఇటీవల కొల్లేటి యంచున ఆటపాకలోను ఇట్లే చట్రములమీద గూడబాతులు మరల గూళ్లు పెట్టుచున్నవి. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది, 2002లో రామ్‌సార్ చిత్తడినేలల పట్టికకెక్కినది, 2006లో చేపలచెరువుల గట్లను యంత్రములతో తెగగొట్టినది అందఱెఱిగినదే.

ఇక పండుగల సంగతి. ఈ శతాబ్ది తొలినాళ్లనుండి సూళ్లూరుపేటలో జనవరి మాసమున ఫ్లెమింగో పండుగ జరుగుచున్నది. కొన్నేండ్లు ఆగి 2025లో మరల నడచినది. నేలపట్టునకు బస్సులు, పులికాటున పడవలు, అటకానితిప్పనుండి గులాబివన్నె రాజహంసల దర్శనము, రాత్రి రంగస్థలముపై పాటలు — తిరునాళ్లకు కావలసినదంతయు కలదు. పక్షి పేరుతో పెట్టిన పండుగలో మైకుల హోరు పక్షికి ప్రియము కాజాలదని విమర్శించువారు కలరు. నేనును వారిలో నొకడనే. అయినను దుర్భిణితో మొదటిసారి గూడబాతు గూటిని చూచిన బడిపిల్లవాని ముఖమును చూచిన పిదప నా విమర్శ కొంత మెత్తబడినది. దీనికన్న నిశ్శబ్దమైన పండుగ మఱియొకటి కలదు. 1987 నుండి ప్రతి జనవరిలో ఔత్సాహికులు కొందఱు వేకువజామున చెరువుగట్లపై నిలిచి నీటిపక్షులను జాతివారీగా లెక్కించి వ్రాసికొందురు. దండలు లేవు, తీర్మానములు లేవు. చలి, టీ, ఒక పట్టిక. ఏ చెరువునకు ఏ పక్షి రావడము మానెనో నలువది యేండ్ల పిదప మనకు తెలియుచున్నచో అది వారి చలువయే.

ఒక జనవరిలో నేనును అట్టి పట్టిక చేతబట్టుకొని నేలపట్టు గట్టుమీద నిలిచి, కడపచెట్ల గుంపులో గూళ్లను ఎంచుచు, రెండుసార్లు లెక్క తప్పి, మూడవసారి మొదలిడుచుంటిని. భుజమున పార వేసికొని మడికి నీరు కట్టబోవుచున్న వృద్ధుడొకడు నా వ్రాతను కొంతసేపు గమనించి నిలిచెను. ఈ యేడు పక్షులెన్ని వచ్చినవో తాతా, మీకేమైన అంచనా కలదా యని అడిగితిని.

“లెక్క మాకెందుకు నాయనా,” అనెను. “తూముకాడ నీళ్ల రంగు చూస్తే తెలవదా ఎన్నొచ్చినాయో!”

పార దింపి తూమువైపు నడచెను. నేను పట్టిక మడిచి జేబులో నుంచుకొని, ఆ నీటి రంగు చూచుటకు ఆయన వెనుకనే గట్టు దిగితిని.