నిఫోఫియా: కలబంద దాయాది కథ, అమీర్‌పేట ఎండలో దాని చోటు

నిఫోఫియా ప్రధానంగా ఆఫ్రికా ఖండానికి చెందిన బహువార్షిక పూలమొక్క. ఇంగ్లీషులో రెడ్ హాట్ పోకర్ అనీ, టార్చ్ లిల్లీ అనీ అంటారు. చలిదేశాల ఇళ్లలో నిప్పుగూటిలో కట్టెలు ఎగదోసే ఇనప ఊచ కాలి ఎర్రబడితే ఎలా ఉంటుందో, దీని పూలగుత్తి అలా ఉంటుంది. మన కంటికైతే కమ్మరి కొలిమిలోంచి అప్పుడే తీసిన గడ్డపార మొన గుర్తొస్తుంది. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు. కాగడా పువ్వు అందామంటే కాగడా మల్లె ఆ పేరును ముందే పట్టుకుంది. కాబట్టి శాస్త్రనామమే వాడుతున్నాం.

ఆకులు నేల మీదే గుబురుగా లేచి, పొడవుగా సాగి, చివర్లు వాలుతాయి. గుబురు మధ్యలోంచి ఆకు లేని కాడ నిటారుగా వస్తుంది. జాతిని బట్టి అది అడుగు నుంచి ఆరడుగుల దాకా పెరుగుతుంది. కాడ చివర సన్నని గొట్టాల్లాంటి పూలు ఒత్తుగా, తలలు కిందికి వేలాడేసి ఉంటాయి. మొగ్గలు ఎర్రన. విచ్చడం మాత్రం కింది వరుసతో మొదలవుతుంది. విచ్చిన పూవు నారింజకీ, తర్వాత పసుపుకీ తిరుగుతుంది. అందుకే ఒకే గుత్తిలో అడుగున పసుపు, నడుమ నారింజ, కొసన ఎరుపు కనిపిస్తాయి. రోజులు గడిచేకొద్దీ పసుపు పైకి పాకి, ఎరుపు చివరికంటా తగ్గిపోతుంది. గొట్టాల నిండా తేనె. దాన్ని తాగే తేనెపిట్టలు పుప్పొడిని మోస్తాయి. మన ఊళ్లలో మందారాల చుట్టూ తిరిగే తేనెపిట్టలదీ అదే కుటుంబం.

ఈ మొక్క చరిత్ర ఒక పొరపాటు పేరుతో మొదలైంది. ఆఫ్రికా దక్షిణపు కొస నుంచి 18వ శతాబ్దం తొలినాళ్లలోనే ఇది యూరప్ తోటలకు చేరింది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ దీన్ని కలబంద ప్రజాతిలో వేసి అలో ఉవేరియా అన్నాడు. ఉవేరియా అంటే ద్రాక్షగుత్తిని పోలినది. 1794లో జర్మన్ శాస్త్రవేత్త కోన్రాడ్ మెంఖ్ దీన్ని విడదీసి కొత్త ప్రజాతి కట్టాడు. ఎర్‌ఫుర్ట్ నగరపు వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త యోహాన్ హీరోనిమస్ క్నిప్‌హోఫ్ (1704–1763) పేరు దానికి పెట్టాడు. క్నిప్‌హోఫ్ పని తీరు చెప్పుకోదగ్గది. ఆయన మొక్కల బొమ్మలు గీయించలేదు. ఎండబెట్టిన మొక్కకే సిరా పూసి కాగితం మీద అద్దించాడు. ఆకు ఈనెలు ఎలా ఉన్నవి అలాగే పుటల మీద దిగాయి. ఆయన పేరు మోసే మొక్కను ఇంగ్లీషువాళ్లు పిలిచేటప్పుడు మొదటి క అక్షరాన్ని మింగేశారు. మనకు వచ్చింది ఆ ఉచ్చారణే.

1804లో ఇదే మొక్కకు ట్రిటోమా అని మరో పేరు పడింది. తోటమాలులకు అదే నచ్చి వంద ఏళ్లకు పైగా వాడుకలో ఉంచారు. 19వ శతాబ్దపు రెండో సగంలో ఆఫ్రికా తూర్పు కొండల నుంచి కొత్త జాతులు రావడంతో యూరప్‌లో సంకరాల తయారీ జోరందుకుంది. జర్మనీలోని బాడెన్ బాడెన్‌లో ఉద్యానవేత్త మాక్స్ లైష్ట్‌లిన్ ఎన్నో రకాలు తీశాడు. ప్రపంచమంతా తిరిగి మొక్కల్ని చిత్రించిన మేరియాన్ నార్త్ దక్షిణాఫ్రికాలో చూసిన ఒక జాతికి ఆమె పేరే నిలిచింది. దాని వెడల్పాటి ఆకులు చూస్తే ఎవరైనా కలబంద అనే అంటారు. 1968లో వృక్షశాస్త్రవేత్త ఎల్.ఇ. కాడ్ దక్షిణాఫ్రికా జాతులన్నిటినీ సమగ్రంగా సరిచూశాడు. ఇప్పుడు ఈ ప్రజాతిలో 70 దాకా జాతులు లెక్కకొస్తున్నాయి. ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా ప్రాంతానివే. కొన్ని ఇథియోపియా, కెన్యా ఎత్తుల్లోవి. మడగాస్కర్, యెమెన్‌లలోనూ ఉన్నాయి. నేటి వర్గీకరణలో నిఫోఫియా, కలబంద ఒకే కుటుంబం. లినేయస్ చూపు పూర్తిగా తప్పేమీ కాదు.

తెలుగువాళ్లకు ఈ పువ్వుతో పరిచయం కలిగే అవకాశం మొదట దొరికింది హైదరాబాదులో కాదు, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో. 1860లో మద్రాసు రేవు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ ఆ ఏడాది నవంబరు 16న డర్బన్ చేరింది. చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద వెళ్లిన వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ తర్వాతి ఓడల్లో ఇంకెందరో వెళ్లారు. వాళ్లు స్థిరపడిన ఆ సీమ చిత్తడి పచ్చికల్లో, డ్రాకెన్స్‌బర్గ్ పర్వతాల వాలుల్లో నిఫోఫియాలు విరివిగా పూస్తాయి. అక్కడి జులూ సంప్రదాయంలో కొన్ని జాతుల్ని ఛాతీ జబ్బులకు మందుగా వాడారు, పాములు దరిచేరకుండా వాడారు. మనం కలబందను దిష్టికి గుమ్మం మీద వేలాడదీస్తాం. ఇద్దరు దాయాదులకూ ఇంటి కాపలా పనే దక్కడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

ఇక హైదరాబాదులోని అమీర్‌పేట, పంజాగుట్టల సంగతి. హైదరాబాదు ఉష్ణోగ్రతగా పత్రికల్లో అచ్చయ్యేది పక్కనే ఉన్న బేగంపేట వాతావరణ కేంద్రం కొలతే. మే నెలలో అక్కడ పగలు 40 డిగ్రీలు దాటడం మామూలు. 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. దక్షిణాఫ్రికా తూర్పు భాగంలో కూడా వాన వేసవిలోనే పడుతుంది కాబట్టి మన వానాకాలం దీనికి మరీ కొత్తేమీ కాదు. తేడా అంతా చలిలో ఉంది. డ్రాకెన్స్‌బర్గ్ ఎత్తుల్లో శీతకాలం మంచు పడుతుంది. ఇక్కడ అమీర్‌పేట మైత్రీవనం వెనక సందుల్లో, హాస్టళ్ల డాబాల మీద, పగలంతా కాగిన సిమెంటు వేసవి రాత్రి కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. మెట్రో స్తంభాల వరుసకు ఆనుకున్న బాల్కనీల్లో అయితే గాలి కూడా ఆడదు. తెలుగు నేల మీద దీని స్వభావానికి దగ్గరగా వచ్చేవి లంబసింగి, హార్స్‌లీ హిల్స్ వంటి ఎత్తైన చోట్లు.

అయినా పెంచి చూడాలనుకునే వాళ్లుంటారు. వాళ్ల కోసం: విత్తనాన్ని తడి ఇసుకలో కలిపి, నాలుగు నుంచి ఆరు వారాలు ఫ్రిజ్‌లో ఉంచి, నవంబరులో విత్తాలి. లోతైన తొట్టిలో మట్టికి మూడో వంతు ఇసుక కలపాలి. మొక్క మొదలు పూడిపోకూడదు, అక్కడ నీళ్లు నిలిస్తే కుళ్లు పట్టుకుంటుంది. పొద్దున ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే తూర్పు బాల్కనీ మేలు. విత్తు నుంచి పూవుకు రెండు మూడేళ్లు పడుతుంది. సంకర రకాల గింజలు తల్లి రంగునే ఇస్తాయన్న నమ్మకం లేదు. గుబురు ఎదిగాక విడదీసి నాటుకుంటేనే అదే రంగు దొరుకుతుంది.

డాబా మీద అలాంటి నిప్పు రంగు కాడ కావాలనుకునే అమీర్‌పేట వాసికి నా సలహా వేరు. గుమ్మం మీద తలకిందులుగా వేలాడుతున్న కలబందను ఒకసారి గమనించండి. నెలల తరబడి నీళ్లు లేకపోయినా బతికి, కొత్త ఆకుల్ని వెలుతురు వైపు పైకి వంచుకుంటూ ఉంటుంది. దాన్ని దించి ఇసుక కలిపిన తొట్టిలో పెట్టి, పూర్తి ఎండలో వదిలేయండి. బాగా ముదిరిన మొక్క చలికాలం చివర్లో కాడ వేస్తుంది. పూలు కిందికి వేలాడే గొట్టాలే. రంగు మామూలుగా పసుపు, కొన్ని రకాల్లో నారింజ. తేనెపిట్ట దాని దగ్గరికీ వస్తుంది.