నడుం వంచని పొరక

1907లో అమెరికాలోని ఒహైయో రాష్ట్రం, కాంటన్ పట్టణంలో జేమ్స్ మర్రే స్పాంగ్లర్ అనే ఆయన జోలింగర్ అనే పెద్ద దుకాణంలో రాత్రిపూట ఊడ్చే పనిలో ఉండేవాడు. వయసు అరవైకి దగ్గర పడింది. పైగా ఉబ్బసం. తివాచీల మీద దుమ్ము లేచినప్పుడల్లా ఊపిరి సలిపేది కాదు, పని మానేస్తే పూట గడవదు. అంతకుముందే వ్యవసాయ పనిముట్లకు పేటెంట్లు తీసుకున్న మనిషి కనుక చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఒక చిన్న ఫ్యాన్ మోటరు, ఒక సబ్బు డబ్బా, ఒక దిండు గలీబు, ఒక పొరక కట్టె తెచ్చి కలిపి బిగించాడు. మోటరు గాలిని లాగింది. గలీబు దుమ్మును ఆపింది. 1908 జూన్ 2న దానికి పేటెంటు వచ్చింది. ఇవాళ ఇళ్ళల్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్లకు మూలం అదే.

ఆ నాలుగు వస్తువుల్లో మోటరు గురించే అందరూ రాశారు. పొరక కట్టెను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. దుమ్ము పీల్చే యంత్రం బరువు ఎంత తగ్గినా, కరెంటు తీగ తెగి బ్యాటరీ వచ్చినా, చివరికి ఆ పని చేసే మనిషి సుఖం తేలేది మాత్రం ఆ కట్టె దగ్గరే. అది ఎంత పొడవుండాలి, ఎవరి ఎత్తుకు సరిపోవాలి, ఎక్కడ వంగాలి అన్న ప్రశ్నలకు ఒక చరిత్ర ఉంది.

ముందు మన దగ్గర చూద్దాం. రాజన్న సిరిసిల్ల జిల్లా కోనరావుపేట మండలం ఊళ్ళల్లో ఇల్లు ఊకేది ఈత పొరకతో, వాకిలి ఊకేది పుల్లల పొరకతో. రెండూ పొట్టివే. ఒక చేయి మోకాలి మీద, ఒక చేయి పొరక మీద పెట్టి, నడుం వంచి ఊకాల్సిందే. మున్సిపాలిటీ కార్మికులు రోడ్డు మీద నిలబడి ఊడ్చే పొడవాటి వెదురు కట్టె పొరక మాత్రం గడప దాటి ఇంట్లోకి రాలేదు. గదులు చిన్నవి, మంచాల కింద దూర్చాలి, మూలలు తీయాలి, పొట్టిదైతేనే చేతి కింద ఉంటుంది అని కారణాలు చెబుతారు. అవన్నీ నిజమే. కానీ ఊకేది ఇంటి ఆడవాళ్ళు కాకుండా మగవాళ్ళయి ఉంటే ఆ పొరకకు ఎప్పుడో కట్టె మొలిచేదని నా అనుమానం.

అమెరికాలో కూడా మొదట్లో పుల్లల కట్టలతోనే ఊడ్చేవారు. 1797లో మసాచుసెట్స్ రాష్ట్రం హాడ్లీ ఊరి రైతు లీవై డికిన్సన్ ఒక రకం జొన్న మొక్క వెన్నులతో పొరక కట్టాడు. అవును, మన జొన్న జాతిదే. గింజ కోసం కాకుండా పొడవాటి కంకి ఈనెల కోసం పెంచే రకం. ఆ తరవాత షేకర్లు అనే మత సమాజం వాళ్ళు దాన్ని చదునుగా అల్లి పొడవాటి కట్టెకు బిగించారు. అలా అక్కడి ఇళ్ళల్లో నిలబడి ఊడ్చే అలవాటు స్థిరపడింది. తరతరాలుగా జొన్న పండించిన మన నేల మీద ఆ ఆలోచన రాకపోవడానికి జొన్న లేకపోవడం కారణం కాదు గదా.

అయితే నిలబడి పని చేసే హక్కు అక్కడ కూడా అందరికీ దక్కలేదు. కాలిఫోర్నియా పొలాల్లో మెక్సికన్ కూలీలకు రెండడుగులకు మించని పిడి ఉన్న పార ఇచ్చేవారు. రోజంతా వంగే ఉండాలి. కూలీ నిలబడ్డాడంటే పని ఆపాడని మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోతుంది. పొట్టి పార అయితేనే మొక్కకు దెబ్బ తగలకుండా కలుపు తీయగలరని భూస్వాములు వాదించారు. వెన్నుపూసలు అరిగిపోతున్నాయని వైద్యులు సాక్ష్యం చెప్పారు. సెజార్ చావెజ్ నాయకత్వంలోని కూలీల సంఘం, పేదల తరఫు న్యాయవాదులు కొట్లాడితే 1975లో గానీ ఆ పారను అక్కడ నిషేధించలేదు. ఒక పనిముట్టు పిడి పొడవు తేలడానికి రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది.

దుమ్ము పీల్చే యంత్రం సంగతికి వస్తే, స్పాంగ్లర్ కంటే ముందు లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజినీరు ఉన్నాడు. 1901లో ఒక ప్రదర్శనలో దుమ్మును గాలితో ఊదేసే యంత్రాన్ని చూశాడు. ఊదితే దుమ్ము మళ్ళీ అక్కడే పడుతుంది కదా, పీలిస్తే ఎలా ఉంటుందని హోటల్లో కుర్చీ మీద రుమాలు వేసి నోటితో గట్టిగా పీల్చి చూశాడు. దుమ్మంతా రుమాలుకు అంటింది. ఆయన తయారు చేసిన యంత్రం గుర్రపు బండంత ఉండేది. దాన్ని వీధిలో నిలిపి, పొడవాటి గొట్టాలను కిటికీల్లోంచి ఇళ్ళల్లోకి పంపేవారు. ఏడో ఎడ్వర్డ్ రాజు పట్టాభిషేకానికి వెస్ట్‌మిన్‌స్టర్ అబీలో తివాచీలను శుభ్రం చేసింది అదే. ఆ చప్పుడుకు వీధిలో గుర్రాలు బెదురుతున్నాయని బూత్ మీద కేసులు కూడా పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం నాడు నౌకాదళ సిపాయిలు ఉన్న క్రిస్టల్ ప్యాలెస్ నుంచి బూత్ యంత్రాలు 26 టన్నుల దుమ్ము తీశాయని చెబుతారు. పని బాగానే చేసింది గానీ అది చేతిలో ఇమిడే వస్తువు కాదు. ఇమిడేలా చేసింది ఉబ్బసం ఉన్న ఆ ఊడ్చే మనిషి.

స్పాంగ్లర్ దగ్గర పెట్టుబడి లేదు. గుర్రాల జీన్లు, తోలు పట్టాలు చేసే విలియం హూవర్ ఆ పేటెంటు కొన్నాడు. మోటరు కార్లు వస్తున్నాయి, తోలు వ్యాపారం ఎంతో కాలం నిలవదని ఆయనకు అర్థమైంది. పది రోజులు ఉచితంగా వాడి చూడండని పత్రికలో ప్రకటన వేశాడు. బ్రిటన్‌లో ఇప్పటికీ ఇల్లు వ్యాక్యూమ్‌తో ఊడ్చడాన్ని హూవర్ చేయడం అనే అంటారు. స్పాంగ్లర్ 1915లో చనిపోయాడు, పేరు మాత్రం కొన్నవాడికి మిగిలింది.

1936లో వచ్చిన హూవర్ యంత్రానికి కొత్త రూపం ఇచ్చింది హెన్రీ డ్రేఫస్ అనే డిజైనర్. డ్రేఫస్‌కు ఒక పట్టుదల ఉండేది: వస్తువు గీయడానికి ముందు మనిషిని కొలవాలి. 1955లో రాసిన పుస్తకంలో జో, జోసఫీన్ అని ఇద్దరు మనుషుల బొమ్మలు గీసి, చేయి ఎంత దూరం చాపగలరు, పిడికిలి ఎంత పడుతుంది, కూర్చుంటే మోకాలు ఎక్కడ ఉంటుంది అని అంగుళాల్లో రాశాడు. ఆ కొలతలు అమెరికన్లవి. మన వాళ్ళ శరీర కొలతలతో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ నుంచి దేబ్‌కుమార్ చక్రవర్తి పుస్తకం వచ్చేసరికి 1997 అయింది. అప్పటిదాకా మన ఇంట్లోకి వచ్చిన చాలా యంత్రాల పిడులు ఎవరో పొడుగువాళ్ళ కొలతకు తయారైనవే.

చేతి వ్యాక్యూమ్‌కు అసలు మలుపు చంద్రుడి మీది నుంచి వచ్చింది. అపోలో యాత్రికులు అక్కడి నేలను తొలిచే డ్రిల్లు కోసం బ్లాక్ అండ్ డెకర్ కంపెనీ కరెంటు తీగ అక్కర్లేని మోటరు మీద పని చేసింది. తక్కువ బ్యాటరీతో ఎక్కువ పని రాబట్టే ఆ విద్య తరవాత ఇంటి పనిముట్లలోకి దిగింది. 1970ల నడుమ ఆ కంపెనీ బ్యాటరీ ఉన్న ఒకే పిడిని అమ్మింది. దానికి డ్రిల్లు తగిలించుకోవచ్చు, గడ్డి కత్తెర తగిలించుకోవచ్చు, చిన్న వ్యాక్యూమ్ తగిలించుకోవచ్చు. జనానికి నచ్చింది వ్యాక్యూమే. దాన్ని విడిగా తీసి, క్యారల్ గాంట్జ్ డిజైన్‌తో 1979లో డస్ట్‌బస్టర్ పేరుతో విడుదల చేశారు. మొదటి ఏడాదిలోనే పది లక్షలకు పైగా అమ్ముడైంది. ఆ రోజుల్లోనే ఇంగ్లండ్‌లో జేమ్స్ డైసన్, కోతమిల్లులో రంపం పొట్టును సుడిగాలితో వేరు చేసే పద్ధతిని చూసి, సంచి లేని యంత్రం కోసం నమూనాలు కట్టడం మొదలుపెట్టాడు. 5,127 నమూనాల తరవాత గానీ ఆయనకు తృప్తి కలగలేదు.

ఇక పిడిని సర్దుకునే వీలు. చూడ్డానికి ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టం జారడమే. చేయబోతే నాలుగు వైపుల నుంచి చిక్కులు వస్తాయి. యంత్రం ఒకటిన్నర కిలో ఉందనుకుందాం. మోటరు, బ్యాటరీ చేతికి దగ్గరగా ఉంటే పైకెత్తి సాలెగూళ్ళు తీయవచ్చు, కానీ ఆ బరువంతా మణికట్టు మోయాలి. మోటరును కింద మూతి దగ్గర పెడితే నేలే బరువు మోస్తుంది, తోసుకుంటూ పోవడం హాయి. అదే యంత్రాన్ని మీటరు దూరాన చేత్తో పైకి పట్టుకోవాలంటే చాలా కష్టం. పిడి పొడవు మార్చిన ప్రతిసారీ బరువు నిలిచే చోటు కూడా మారుతుంది. అందుకే మంచి డిజైనర్ గొట్టంతో పాటు పట్టుకునే చోటును కూడా జరిపేలా చేస్తాడు. గొట్టాలు కలిసే దగ్గర సందు ఉంటే గాలి అక్కడే లోపలికి చొరబడి, మూతి దగ్గర పీల్చుడు తగ్గిపోతుంది. మధ్యలో మడత పెడితే మంచాల కిందికి దూరుతుంది, కానీ మడతలోంచి పోయే తీగలు వంగి వంగి తెగుతాయి. ఇక పట్టు లావు. మూడు, నాలుగు సెంటీమీటర్ల నడుమ ఉంటే పిడికిలికి హాయి. మరీ సన్నమైతే వేళ్ళు నొప్పి, మరీ లావైతే చేయి జారుతుంది.

మన దేశంలో 1982లో యురేకా ఫోర్బ్స్ మొదలైంది. టై కట్టుకున్న కుర్రాళ్ళు తలుపు తట్టి, మన పరుపులోని దుమ్మును మనకే చూపించి సిగ్గుపడేలా చేసి యూరోక్లీన్ అమ్మిన కాలం చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొన్నవాళ్ళల్లో చాలామంది దాన్ని ఏడాది తిరక్కముందే సజ్జ మీద పెట్టారు. తప్పు వాళ్ళది కాదు. తివాచీల ఇళ్ళ కోసం పుట్టిన యంత్రం అది. బండలు పరిచి, నీళ్ళతో తుడిచే ఇళ్ళల్లో దానికి పని తక్కువ.

దానికి పని ఎక్కువున్న చోటు కోనరావుపేటకు దగ్గర్లోనే ఉంది. సిరిసిల్లలో అడుగుపెడితే సాంచాల చప్పుడు, అంటే మరమగ్గాల చప్పుడు. మహారాష్ట్రలోని భివండీకి వలస పోయి మరమగ్గాల పని నేర్చి తిరిగి వచ్చిన పద్మశాలీలతో పెరిగిన ఊరు. సేట్లు, వాళ్ళ దగ్గర నూలు తీసుకొని సాంచాలు నడిపే ఆసాములు, కార్మికులు, కండెలు చుట్టేవాళ్ళు, పడుగు పనులు చేసే వార్పిన్, వైపని వాళ్ళు, ఇదంతా ఒక లోకం. 2017 నుంచి 2023 దాకా రాష్ట్ర ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరల్లో చాలావరకు నేసింది ఈ సాంచాలే. నూలు తెగినా, రాసుకున్నా నుసి రాలుతుంది. సాంచ కిందికి చేరి, కందెనతో కలిసి ముద్ద కడుతుంది. సాంచాకూ సాంచాకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. అక్కడ నడుం వంచి పొట్టి పొరకతో నుసి లాగుతారు. లాగినప్పుడు లేచింది ముక్కులోకి పోతుంది.

పత్తి దుమ్ము ఊపిరితిత్తులను పాడు చేస్తుందని లోకానికి ఎప్పుడో తెలుసు. సెలవు తరవాత పనిలోకి వచ్చిన సోమవారం ఛాతీ పట్టేసే ఆ జబ్బుకు బిస్సినోసిస్ అని పేరు. మన ఫ్యాక్టరీల చట్టంలో కూడా అది ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల్లో ఉండేది. కానీ 1948లో ఆ చట్టం రాసినప్పుడే కరెంటుతో నడిచే చోట కనీసం పది మంది పని చేస్తేనే ఫ్యాక్టరీ అన్నారు. నాలుగు సాంచాల షెడ్డుకు ఆ లెక్క ఎప్పుడు అందింది? అమెరికాలో 1978లో పత్తి దుమ్ము మీద నియమాలు వచ్చాయి. నేలను గాలితో ఊదవద్దని, వ్యాక్యూమ్‌తో గానీ దుమ్ము లేవని వేరే పద్ధతితో గానీ ఊడ్చాలని వాటిలో స్పష్టంగా రాశారు. ఖర్చు ఎక్కువని మిల్లుల యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్తే 1981లో కోర్టు కార్మికుల పక్షానే నిలిచింది. సిరిసిల్లలో ఇప్పుడు నేసేది ఎక్కువగా పాలిస్టర్, దానితో బిస్సినోసిస్ రాదు అనవచ్చు. కాటన్ నేసే షెడ్లూ ఉన్నాయి, పైగా ఏ నుసైనా పీల్చదగ్గది కాదు.

మరి సాంచాల షెడ్డుకు తగిన చేతి వ్యాక్యూమ్ ఎలా ఉండాలి? అంగట్లో దొరికేది పనికిరాదు. తిరిగే కుచ్చు ఉన్న మూతికి రెండు నిమిషాల్లో దారం చుట్టుకుంటుంది, కాబట్టి కుచ్చు వద్దు. నుసి జల్లెడను వెంటనే మూసేస్తుంది, కాబట్టి ముందు సుడిగాలి గది, తరవాతే జల్లెడ. నుసి నిప్పంటుకునే గుణం ఉన్నది, కాబట్టి నిప్పురవ్వ లేచే పాత రకం మోటరు వద్దు. మూతి చదునుగా, సాంచ కిందికి దూరేలా ఉండాలి. పిడి మాత్రం అయిదడుగుల మనిషి నుంచి ఆరడుగుల మనిషి దాకా ఒక్క మీట నొక్కితే సర్దుకోవాలి, ఎందుకంటే షెడ్డుకు యంత్రం ఒకటే, పట్టుకునే చేతులు చాలా.

ఇది మన వాళ్ళ చేతకానిదేమీ కాదు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేసిన మనిషి. ఒక్క చీరకు ఆసు పోయడానికి, అంటే నూలును మేకుల చుట్టూ చుట్టడానికి, అమ్మ లక్ష్మి చేయి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిప్పడం చూడలేక, ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం చేశాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇంకా దగ్గరికి వస్తే, కోనరావుపేట పక్కనే వేములవాడ రూరల్ మండలం హన్మాజీపేట ప్రభుత్వ బడి పిల్లాడొకడు వడ్లు సంచుల్లో నింపే బండి తయారు చేసి జాతీయ స్థాయి దాకా పేరు తెచ్చాడు. వాళ్ళిద్దరూ మొదట చూసింది యంత్రాన్ని కాదు, పని చేసే మనిషిని.

సిరిసిల్లలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, పాలిటెక్నిక్ ఉంది. హైదరాబాద్ రాయదుర్గంలో నమూనాలు చేసిపెట్టే టీ-వర్క్స్ 2023 నుంచి తలుపులు తెరిచి ఉంది. ఈ ఏడాది ప్రాజెక్టు కోసం ఇంటర్నెట్‌లో వెతుకుతున్న విద్యార్థులకు ఒక మాట: ముందు కుట్టు టేపు పట్టుకొని సిరిసిల్ల బీవై నగర్‌లో ఏదైనా ఒక షెడ్డుకు వెళ్ళండి. అక్కడ ఊకే అక్కల ఎత్తు, చేయి పొడవు, సాంచ కింది సందు కొలిచి రాసుకొని, ఆ తరవాతే మోటరు కొనండి.