వెట్టివాడు, మరమనిషి, శ్రోత

"రోబో" అను మాట తెలుగునాట నేడు పసిపిల్లలకు గూడ తెలిసినదే. 2010లో ఆ పేరుతోనే ఒక చలనచిత్రము వచ్చి ఊరూర ఆడినది. అయినను ఆ మాట పుట్టినది ఒక నాటకములో ననియు, దాని మూలార్థము మన "వెట్టి"యే యనియు ఎరిగినవారు తక్కువ.

చెకోస్లొవేకియా రచయిత కారెల్ చాపెక్ 1920లో "ఆర్.యు.ఆర్." అను నాటకమును ప్రకటించెను. 1921 జనవరి 25న ప్రాగ్ నగరపు నేషనల్ థియేటరులో అది ప్రదర్శింపబడినది. కర్మాగారములో తయారు చేసిన పనివాండ్రకు ఆయన మొదట లాటిను ధాతువునుండి ఒక పేరు కల్పింప దలచెను. అది మరీ పుస్తకపు మాటగా తోచి, చిత్రకారుడైన అన్న యోసెఫ్ నడిగెను. కుంచె నోట కరచుకొని బొమ్మ వేయుచున్న అన్నగారు "రోబోట్లనుము" అని గొణిగి తన పనిలో తాను పడెనట. ఈ సంగతిని 1933లో చాపెకే ఒక పత్రికకు వ్రాసెను. చెక్ భాషలో "రొబోత" యనగా రైతు తన భూస్వామికి కూలి లేక చేయవలసిన చాకిరి. 1848లో గాని ఆ దేశమున అది రద్దు కాలేదు. ప్రాగ్ ప్రేక్షకులకు ఆ మాట తాతల నాటి వీపునొప్పిని జ్ఞాపకము చేయగలిగినది.

ఇంగ్లీషువారు మాటను తర్జుమా చేయక అట్లే యుంచుకొనిరి. దానితో అర్థము జారిపోయి శబ్దము మిగిలినది. వారి ఊహలో ఇనుప చేతులు, ఇనుప కాళ్ళు మొలచినవి. చాపెక్ సృష్టించిన పనివాండ్రు ఇనుముతో చేసినవారు కారు. కృత్రిమమైన మాంసముతో చేయబడి అచ్చముగ మనుష్యులవలె నుండువారు. 1923లో లండనులో ఆ నాటకముపై జరిగిన చర్చలో బెర్నార్డ్ షా, చెస్టర్టన్ వంటివారు పాల్గొనిరి. అందరును రోబోట్లను గూర్చియే మాటలాడగా, తనకు వానికంటె మనుష్యులపైననే ఆసక్తి యెక్కువయని చాపెక్ సమాధానము వ్రాయవలసి వచ్చెను.

1927లో ఆ నాటకము లండను రేడియోలో వినవచ్చెను. 1933లోను 1941లోను బి.బి.సి. మరల ప్రసారము చేసెను. దానికి రేడియో తగిన రంగస్థలమే. మొదటి అంకములో హెలీనా యను యువతి రోబోట్ వనితను మనిషి యనుకొనును. కర్మాగారపు అధికారులను రోబోట్లనుకొనును. (టిప్పణముల మీద టిప్పణములు వ్రాయు కచేరీవారికి ఈ రెండవ పొరపాటు వింతగా తోచకపోవచ్చును.) కంఠము తప్ప మరేమియు లేని రేడియోలో శ్రోతయు హెలీనాతో పాటు తడబడవలసినవాడే. మానవజాతి సమూలముగ నశించు ఈ కథను విని ఎవ్వరును ఇల్లు విడిచి పరుగెత్తినట్లు చరిత్రలో లేదు.

శ్రోతలు బెదరిన ప్రసారము వేరొకటి కలదు. అందు రోబోట్లు లేవు. కుజగ్రహమునుండి దిగిన మూడుకాళ్ళ యుద్ధయంత్రము లున్నవి. 1938 అక్టోబరు 30, ఆదివారము రాత్రి ఆర్సన్ వెల్స్ బృందము హెచ్.జి. వెల్స్ నవలను న్యూయార్కునుండి వినిపించెను. హోవర్డ్ కోచ్ దానిని వార్తల రూపమున మలచెను. నృత్యసంగీతము నడుమ ఒక ప్రకటన, మరల సంగీతము, మరల ప్రకటన, గ్రోవర్స్ మిల్ పల్లెనుండి విలేఖరి కంఠము, ఉన్నట్లుండి నిశ్శబ్దము! ఇది నాటకమని మొదటను నడుమను తుదిని చెప్పిరి. మరునాటి పత్రికలు మాత్రము దేశమెల్ల గగ్గోలైనదని వ్రాసినవి.

లెక్కలు ఆ మాటను బలపరచవు. ఆ రాత్రి 5,000 ఇండ్లకు ఫోను చేసి అడుగగా, ఆ నాటకమును వినుచున్నామన్నవారు నూటికి ఇద్దరు. చాలమంది వేరొక స్టేషనులో మాటలాడు బొమ్మతో నడుచు హాస్యమును వినుచుండిరి. ప్రకటనల రాబడిని రేడియో తన్నుకొని పోవుచున్న రోజులవి. దానిని ఆడిపోసికొనుటకు పత్రికలకు మంచి అదను దొరికినది. ప్రిన్స్టన్ ఆచార్యుడు హాడ్లీ కాంట్రిల్ 135 మందిని విచారించి 1940లో ఒక గ్రంథమును ప్రకటించెను. పది లక్షలమంది బెదరిరని ఆయన అంచనా. కాని ఆయన విచారించినవారిలో అధికులు, బెదరినవారని ముందే తెలిసి ఏరబడినవారు. కనుక ఆ అంచనాకంటె వారు చెప్పిన మాటలే విలువైనవి. కొందరు వేరొక స్టేషను త్రిప్పి చూచి నెమ్మదించిరి. కొందరు కుజవాసుల మాటనే పట్టించుకొనక, జర్మనులు దండెత్తిరని తలచిరి. నెలనాళ్ళ క్రిందటనే మ్యూనిచ్ సంక్షోభము గడచినది; సంగీతమును ఆపి యుద్ధవార్త చెప్పు కంఠమునకు ఆ చెవులు అలవడియున్నవి. భయము యంత్రములనుండి గాక ఆ కంఠమునుండి వచ్చినది.

1949 ఫిబ్రవరి 12న ఈక్వెడారు రాజధాని కీటోలో ఇదే కథను ప్రసారము చేసినపుడు పరిణామము ఘోరమైనది. అది నాటకమని తెలిసిన పిమ్మట జనులు రేడియో భవనమునకు నిప్పు పెట్టిరి, ప్రాణములు పోయినవి. భయము తీరినది గాని, మోసపోతిమను కోపము తీరలేదు.

ఆ 1938లోనే, జూన్ 16న, మద్రాసు ఆకాశవాణి ప్రారంభమై తెలుగు కంఠము రేడియోలో వినవచ్చెను. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న వెలసినది. అచటినుండి ప్రసారమైన చిలకమర్తివారి "గణపతి"ని శ్రోతలు మరలమరల కోరి వినిరి. ఆ గణపతి వంటివాడు వారి వీధిలోనే యుండెను గదా! వినువాడు తన చెవిలో అదివరకే యున్న దానితోనే వినును, అది వీధి కావచ్చును, యుద్ధము కావచ్చును.

ఇట్టి చెవికి రోబోట్‌ను ఏమని చెప్పవలెను? "మరమనిషి", "యంత్రమానవుడు" అను మాటలు మనకు కలవు. రెండింటను యంత్రమున్నది గాని చాకిరి లేదు. 1946–51 నడుమ తెలంగాణ రైతులు తిరుగబడినది వెట్టిపైననే. చాపెక్ నాటకపు తుదిలో రోబోట్లు మనుష్యులనందరిని చంపి, ఆల్క్విస్ట్ అను మేస్త్రీ నొక్కనిని విడిచిపెట్టును; అతడు తమవలెనే చేతులతో పని చేయువాడని. నల్లగొండ రైతు కీ ఘట్టమును వినిపింపవలసివచ్చినచో, అనువాదకుడు "రోబోట్లు" అనుటకంటె "వెట్టివాండ్రు" అనుటయే మేలు.