వరద తీసేటప్పుడే లంక కోత

గోదావరి లంకల్లో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పకుండానే తెలిసే సంగతి ఒకటుంది. ఒడ్డు ఎక్కువగా కూలేది ఏరు పొంగేటప్పుడు కాదు, వరద తీసేటప్పుడు.

మాది గౌతమి పాయలో లంక. ఇప్పుడు ఖతార్‌లోని అబూ హమూర్‌లో ఉంటూ పునాదుల పని చూస్తున్నాను. ఇక్కడిది సున్నపురాయి నేల. అయినా ఊటనీటి లెక్క చూడకుండా గొయ్యి తవ్వరు. వాననీటినీ ఊటనీటినీ మళ్ళించడానికి అబూ హమూర్ కింద ఏకంగా సొరంగమే వేశారు. మట్టిలో చేరిన నీటి బలమేమిటో నాకు ఈ పనిలోనే బాగా అర్థమైంది.

లంక ఒడ్డున పైన ఒండ్రు, కింద ఇసుక. వరదలో ఒడ్డు నీళ్ళు తాగి బరువెక్కుతుంది. అప్పుడు ఏటినీరే దాన్ని ఎదురొత్తి నిలబెడుతుంది. ఏరు గబగబా తీసేస్తే ఆ ఆసరా పోతుంది. మట్టిలోని నీరు మాత్రం అంత తొందరగా దిగదు, ఊరుతూ కింది ఇసుకని లాక్కొస్తుంది. మలుపులో అయితే ప్రవాహం అప్పటికే అడుగు తొలిచేసి ఉంటుంది. అంచుకి కాస్త వెనగ్గా, ఏటి వెంబడే నెర్రె పడుతుంది. వేలు పట్టే నెర్రె చెయ్యి పట్టేంతవుతుంది. కొబ్బరి వేళ్ళు ఒడ్డు అడుగుదాకా దిగవు. చెట్లతో సహా నేల చెక్కలా ఏట్లోకి జారిపోతుంది. అవతలి ఒడ్డున మేట వేస్తుంది కానీ, రైతు పట్టా ఏటితోపాటు అక్కడికి జరగదు.

1847లో ఆర్థర్ కాటన్ మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువలొచ్చాయి, ఏటిగట్లు బలపడ్డాయి, డెల్టా పచ్చబడింది. లంకలు మాత్రం గట్టుకీ గట్టుకీ నడుమ ఏట్లోనే ఉండిపోయాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటి గట్లు తెగాయి. ఆ మట్టమే కొలతగా తర్వాత గట్లు ఎత్తు చేశారు. 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు ఆ నీళ్ళన్నీ గట్ల మధ్య నుంచే, లంకల మీదుగానే సముద్రానికి పోయాయి.

ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. అన్నీ ఏరు ఎక్కడాన్ని బట్టే. లంకకి ఏరు తీసే వేగాన్ని బట్టి ఇంకో హెచ్చరిక కావాలి. వేసవిలోనే ఒడ్డు అడుగున రాయి పడాలి, ఒడ్డు పక్కన ఇసుక తవ్వకం ఆగాలి. మూడో హెచ్చరిక ఎత్తేశాక పునరావాస కేంద్రాల నుంచి జనాన్ని పంపేముందు, ఒడ్డున నెర్రెలున్నాయేమో ఎవరో ఒకరు నడిచి చూసి రావాలి.