చిన్న కారు కొంటున్నారా? పవర్, మైలేజీ లెక్క ఇదీ

చిన్న ఇంజిన్ అంటే పెట్రోలు తక్కువ తాగుతుందని మనలో చాలామంది అనుకుంటాం. ప్రతిసారీ అలా ఉండదు. మారుతి ఆల్టో 800 ఇంజిన్ 796 సీసీ, పవర్ 48 పీఎస్. బీఎస్-6 పెట్రోల్ మోడల్‌కు కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకు 22.05 కి.మీ. 2022లో వచ్చిన ఆల్టో కె10 ఇంజిన్ 998 సీసీ, పవర్ దాదాపు 67 పీఎస్. మాన్యువల్ గేర్ల కారు మైలేజీ 24.39 కి.మీ. ఒక్కో సిలిండర్‌కు రెండు ఇంజెక్టర్లు ఉండడం ఇందుకు ఒక కారణం.

ఇవి టెస్టులో వచ్చిన అంకెలు, రోడ్డు మీద తగ్గుతాయి. ఇంటిల్లిపాదీ ఎక్కి ఏసీ వేస్తే చిన్న ఇంజిన్ ఫ్లైఓవర్ ఎక్కడానికే ఆయాసపడుతుంది. గేరు తగ్గించి గట్టిగా తొక్కాలి, పెట్రోలు అక్కడే పోతుంది.

కంపెనీ అంకెల ప్రకారం నెలకు 1,000 కి.మీ. తిరిగినా తేడా సుమారు 4 లీటర్లే. ఆల్టో 800 తయారీ 2023లో ఆగింది, ఇక సెకండ్ హ్యాండే. ఒకరిద్దరు ఊళ్లో తిరగడానికి అది చాలు. కుటుంబంతో హైవే ఎక్కేవాళ్లకు కె10 నయం. ఏదైనా సరే, ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని, ఏసీ వేసి నడిపి చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.