జాతీయ ట్రస్టు చట్టము, 1999

జాతీయ ట్రస్టు చట్టము ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యము, బహుళ వైకల్యములు గల వ్యక్తుల సంక్షేమము కొరకు భారత పార్లమెంటు 1999లో చేసిన చట్టము. దీని రూపకల్పనలో తల్లిదండ్రుల సంఘముల కృషి ముఖ్యమైనది.

నేపథ్యము

తమ తరువాత బిడ్డను ఎవరు చూస్తారన్నది ఈ తల్లిదండ్రులకు తీరని దిగులు. 18 ఏళ్ళు నిండగానే వారి సహజ సంరక్షకత్వము చట్టరీత్యా ముగుస్తుంది. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టము బుద్ధిమాంద్యమును తన పరిధి నుండి మినహాయించింది. 1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజం చేరలేదు. ఈ లోటును పూరించాలని తల్లిదండ్రుల సంఘములు కోరాయి. 1995లో అవి పరివార్ అనే జాతీయ సమాఖ్యగా ఏర్పడ్డాయి.

ముఖ్యాంశాలు

* కేంద్ర ప్రభుత్వము ట్రస్టుకు 100 కోట్ల రూపాయల మూలనిధిని ఇవ్వాలి.
* పాలకమండలిలో స్వచ్ఛంద సంస్థలు, తల్లిదండ్రుల సంఘములు, వికలాంగుల సంఘముల నుండి ముగ్గురేసి సభ్యులకు చోటున్నది.
* సంరక్షకుని స్థానిక స్థాయి కమిటీ నియమిస్తుంది. ఇందులో జిల్లా కలెక్టరు స్థాయి అధికారి, నమోదైన సంస్థ ప్రతినిధి, ఒక వికలాంగ వ్యక్తి ఉంటారు.
* సంరక్షకుడు 6 నెలలలో ఆస్తి జాబితాను, ఏటా లెక్కలను సమర్పించాలి. ఆస్తిని దుర్వినియోగము చేసినా, వ్యక్తిని హింసించినా అతనిని తొలగించవచ్చు.

తదుపరి పరిణామాలు

2007లో భారతదేశము ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక వికలాంగుల స్వనిర్ణయ హక్కును గుర్తించింది. దానికి అనుగుణంగా 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, ఆ వ్యక్తిని సంప్రదించి నిర్ణయాలు తీసుకునే పరిమిత సంరక్షకత్వమును ప్రవేశపెట్టింది. బిడ్డకు రక్షణ, బిడ్డ స్వేచ్ఛ ఈ రెంటినీ ఎట్లు సమన్వయించాలన్నది చర్చనీయాంశముగానే ఉన్నది.